అరువు నడకల అమ్మమ్మ

మా అమ్మమ్మకు మనుషుల పేర్లతో పని లేదు. ఎవరి గురించైనా చెప్పాలంటే కూర్చున్న చోటి నుంచి లేచి, అచ్చం వాళ్లలాగే గుమ్మం దాకా నడిచి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అర్థమైతే సరే. కాకపోతే తప్పు నీ కళ్లది.

"పొద్దున ఎవరో వచ్చారటగా?" అని అమ్మ అడుగుతుంది.

అమ్మమ్మ లేచి, ఒక భుజం కిందికి జార్చి, లేని సంచి మోస్తున్నట్టు పక్కకు ఒరిగి నడుస్తుంది.

"పోస్ట్‌మానా? ఏం తెచ్చాడు?"

అమ్మమ్మ మళ్లీ లేస్తుంది. ఈసారి పొట్ట ముందుకు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడలన్నీ తనవే అన్నట్టు అటూ ఇటూ చూస్తూ నడుస్తుంది.

"అయ్యో, ఇంటి ఓనరు ఉత్తరమా? మళ్లీ ఏమంటాడట?"

ఇలా మా ఇంట్లో సగం కబుర్లు నోరు విప్పకుండానే అయిపోయేవి. మిగతా సగం మాత్రం అమ్మమ్మ నోటితోనే చెప్పేది. అవి తిట్లు. తిట్లకు కాళ్లు చాలవు.

ఆవిడ దర్జీ. దుకాణం వీధి మట్టానికి సగం కిందికి ఉంటుంది. మెట్లు దిగి లోపలికి రావాలి. కుట్టుమిషను ముందు కూర్చుంటే కిటికీలోంచి కనిపించేది మోకాళ్ల కింద భాగం మాత్రమే. బతుకంతా ఆ కిటికీ ముందు ప్యాంట్ల అంచులు మడుస్తూ కూర్చుంది కాబట్టి, ఊరు ఆవిడకు కాళ్లుగానే పరిచయం. పైన ముఖాలు కూడా ఉంటాయన్న సంగతి ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు.

ఒకసారి బ్యాంకు మేనేజరు దుకాణంలోకి వచ్చి నవ్వుతూ నమస్కారం పెట్టాడు. అమ్మమ్మ గుర్తుపట్టలేదు.

"రోజూ మీ కిటికీ ముందు నుంచే వెళ్తానండీ," అన్నాడాయన.

"ఏదీ, కాస్త అటు నడిచి చూపించు నాయనా."

పాపం ఆయన అల్మరా దాకా నడిచాడు.

"ఆఁ! నువ్వా! ఎడమ మడమ ఈడుస్తావే, ఆ అబ్బాయివా! ఈ ముఖం నీదని ఎప్పుడూ అనుకోలేదు సుమా."

"నేనేం ఈడవనండీ," అన్నాడు మేనేజరు, నొచ్చుకుని.

అమ్మమ్మ లేచి ఆయన నడక ఆయనకే చూపించింది. ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లాడుగాని, మర్నాడు ఆయన భార్య వచ్చి అమ్మమ్మ చేతులు పట్టుకుంది. "పెళ్లైన దగ్గర్నుంచీ చెబుతున్నానమ్మా, నమ్మడే!"

మామయ్య తను చేసుకోబోయే అమ్మాయిని మొదటిసారి ఇంటికి తీసుకొచ్చినప్పుడు అమ్మమ్మ ఆ పిల్ల చదువూ ఉద్యోగమూ ఏదీ అడగలేదు. "గది అటు చివరిదాకా వెళ్లిరా తల్లీ," అంది. మామయ్యకు చెమటలు పట్టాయి. ఆ అమ్మాయి వెళ్లొచ్చింది. "మడమ మోపకుండా నడుస్తోంది. పక్కవాళ్ల నిద్ర చెడగొట్టే రకం కాదు. చేసుకోరా," అని తీర్పు చెప్పి మిషను తొక్కుకోవడం మొదలుపెట్టింది. ఆ పిల్లే ఇప్పటి మా అత్తయ్య. ఆవిడ గురక మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. కాళ్లు చూసినావిడకు గురక ఏం తెలుస్తుంది?

నేను పదో తరగతి తప్పిన రోజున ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అనుకుంటూ దుకాణం మెట్లు దిగాను. అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"లెక్కలేనా, ఇంకేమైనా కూడానా?" అంది.

"నీకెలా తెలిసింది?"

"నీకంటే ముందు నీ కాళ్లు దిగాయి కదే కోతీ."

ఆ తర్వాత బడి నన్ను వదిలేసింది, నేను బడిని వదిలేశాను, చెప్పుల దుకాణంలో పనికి కుదిరాను. అదీ అమ్మమ్మ సిఫారసే. "కాళ్లున్నంతకాలం ఆ వ్యాపారానికి ఢోకా లేదు," అంది.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి పట్టుకున్నది ఎక్కడనుకున్నారు? సరిగ్గా కాలినే. ఒకరోజు పొద్దున మిషను తొక్కుతుండగా ఎడమకాలు ఆగిపోయింది. కుడికాలు మాత్రం తన పని తను చేసుకుపోతూనే ఉంది. "సూది ఇరుక్కుందనుకున్నానే," అని తర్వాత చెప్పింది. అప్పటికి ఆవిడ నోరు కూడా కొంచెం పక్కకు పోయింది. ఆస్పత్రిలో డాక్టరు వంగి, "అమ్మగారూ, నేను కనిపిస్తున్నానా?" అని అడిగితే, మంచం అంచు మీంచి కిందికి చూసి, "బూట్లు... ఒక సైజు... పెద్దవి," అంది. ప్రాణానికి భయం లేదని అమ్మకు అప్పుడే అర్థమై, ఏడుపు ఆపేసింది.

నోరు తొందరగానే తిన్నబడింది. అదే ఆస్పత్రివాళ్లు చేసుకున్న పాపం.

"కర్ర పట్టుకోండమ్మా," అని వ్యాయామం చేయించే అబ్బాయి తెచ్చిచ్చాడు.

"మూడో కాలు నాకొద్దు. ఉన్న రెండింటికే సరైన అంచు కుట్టలేక చస్తున్నాను."

"కాలు పైకెత్తండి."

"ముందు నువ్వెత్తు, చూస్తాను. ఏం బాబూ, నీకూ మోకాలు నొప్పా? తిన్నగా ఎత్తడం లేదే!"

"అమ్మా, ఆ అబ్బాయి చెప్పింది కాస్త వినవే," అని అమ్మ బతిమాలింది. అమ్మ చాలా మర్యాదస్తురాలు. కుర్చీ తగిలినా కుర్చీకి క్షమాపణ చెబుతుంది.

"విననే! కాలు పడిపోయింది, నేను పడిపోలేదు."

మామయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకున్నాడంటే మంచి మాట రాదు. "అమ్మా, ఇంక ఆ దుకాణం ఎందుకు? ఆ మెట్లు ఎలా దిగుతావు? ఎవరికైనా ఇచ్చేద్దాం."

అమ్మమ్మ ఆయనవైపు చూసిన చూపుకు మామయ్య గోడకు అతుక్కున్నాడు. "నా దుకాణంలోకి నా కాళ్లతో నేను దిగుతాను."

"సరే. నడక డాక్టరమ్మ సరేనంటే దిగు. ఆవిడ వద్దంటే మాత్రం తాళం నా చేతికివ్వు. ఒప్పుకున్నట్టేనా?"

"ఆవిడ చేత సరేననిపిస్తాను చూడు!"

ఆ నడక డాక్టరమ్మ పరిశోధన చేసే మనిషి. పక్షవాతం వచ్చినవాళ్లకు నడక మళ్లీ ఎలా వస్తుంది, ఎలాంటి సాధన చేయిస్తే బాగా వస్తుంది అన్నది ఆవిడ చదువు. నా బుర్రకు కూడా ఎక్కేలా చెప్పింది. "మెదడులో కొంత చోటు దెబ్బతింది. ఆ పని పక్కనున్న చోట్లు నేర్చుకోవాలి. ఊరికే నేర్చుకోవు. మళ్లీ మళ్లీ చేయించాలి." ఇందుకోసం ఆస్పత్రిలో ఒక పొడుగాటి గది ఉంది. చుట్టూ గోడల మీద కెమెరాలు. రోగుల తలకూ భుజాలకూ తుంటికీ మోకాళ్లకూ చీలమండలకూ గోళీల్లాంటి మెరిసే గుండ్లు అంటిస్తారు. వాళ్లు నడుస్తుంటే కెమెరాలు ఆ గోళీలను పట్టుకుంటాయి. కంప్యూటరు తెర మీద అగ్గిపుల్లలతో చేసినట్టు ఒక మనిషి నడుస్తాడు. వారానికోసారి అలా నడిపించి, ఎంత మారిందో చూస్తారు. అందుకే అమ్మమ్మ ఆవిడకు గోళీల డాక్టరమ్మ అని పేరు పెట్టింది.

మొదట్లో అన్నీ బాగానే ఉన్నాయి. ఎడమకాలు నేలను రాసుకుంటూ, అర్ధచంద్రాకారంగా తిరిగి ముందుకొచ్చేది. తర్వాత కాస్త పైకి లేవడం నేర్చింది. గోళీల డాక్టరమ్మ చాలా సంతోషపడింది. అదే ఆవిడ ఆఖరి సంతోషం.

ఒకరోజు నన్ను తెర దగ్గరికి పిలిచింది. "మీ అమ్మమ్మగారివి పోయిన వారం అడుగులు ఇంత దగ్గరగా ఉన్నాయి. ఈ వారం ఇంత దూరంగా ఉన్నాయి. అంతకుముందు వారం ఒళ్లంతా పక్కకు ఒరిగింది. మనిషికి నడక బాగుపడుతుంది, పాడవుతుంది. అంతేగాని మనిషే మారిపోదు కదా! నాకు నిద్ర పట్టడం లేదు."

నేను తెర వంక చూశాను. అగ్గిపుల్లల మనిషి ఒక భుజం జార్చి, లేని సంచి మోస్తూ పోతోంది. నవ్వాపుకోలేక చచ్చాను.

"డాక్టరమ్మా, ఈవిడ పోస్ట్‌మాను," అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పబోయేలోపే ప్రొఫెసరు గారు లోపలికి వచ్చారు. గదంతా ఆయనది. పరిశోధన అంతా ఆయన పేరు మీదే జరుగుతోంది. తెర చూసి, నన్ను చూసి, కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు.

"నిజం చెప్పమ్మా. మీ అమ్మమ్మ బదులు వారానికొకరిని పంపిస్తున్నారా?"

"మా అమ్మమ్మ బదులు రావడానికి ఎవరికి గుండె ధైర్యం ఉంది సార్?"

ఆయన నవ్వలేదు. అప్పుడే ఇంకో పిడుగు పడింది. ఆ విభాగంలోనే ఒక పెద్ద టీచరమ్మ ఉంది. బడిని గడగడలాడించిన మనిషి. పక్షవాతం ఆవిడ మాటల్ని కూడా పట్టుకుపోయి, ఒక్క మాట మాత్రం వదిలేసింది. "సైలెన్స్!" ఆకలేసినా, దాహమేసినా, డాక్టరు బాగున్నారా అని అడిగినా ఆ మాటే. ఆవిడ కూతురు ఎర్రబడ్డ ముఖంతో ప్రొఫెసరు గారి దగ్గరికొచ్చింది.

"ఆ టైలరమ్మను ఇక్కడి నుంచి పంపేయండి సార్! మా అమ్మ ముందుకొచ్చి మా అమ్మలా నడుస్తోంది. ఒంట్లో బాగున్నప్పుడు అమ్మ ఎలా నడిచేదో అచ్చం అలాగే! మంచాన పడ్డ మనిషిని ఇంతకంటే ఎవరైనా వెక్కిరిస్తారా?"

అది విని మా అమ్మకు తల కొట్టేసినట్టయింది. నాకూ కోపం వచ్చింది. వీధిలో మేనేజర్ని వెక్కిరించడం వేరు. మనిషి లేవలేని స్థితిలో ఉంటే ఆవిడ నడక ఆవిడ ముందు నడవడం ఏమిటి?

ఆ మధ్యాహ్నమే పొడుగాటి గదిలో పంచాయితీ పెట్టారు. ప్రొఫెసరు గారు, గోళీల డాక్టరమ్మ, అమ్మ, మామయ్య, టీచరమ్మ కూతురు. వద్దన్నా వినకుండా రోగులు కూడా కుర్చీలు దొర్లించుకుంటూ వచ్చి గుమ్మంలో గుమిగూడారు. అమ్మమ్మ మధ్యలో కుర్చీలో, చేతులు కట్టుకుని, పెళ్లికి పిలవని చుట్టంలా కూర్చుంది.

ప్రొఫెసరు గారు మంచిగానే మొదలుపెట్టారు. "అమ్మా, మీరు మీలా నడవకపోతే మీ కొలతలు మాకు దేనికీ పనికిరావు. మీ చోటు కోసం వేరేవాళ్లు ఎదురుచూస్తున్నారు. మిమ్మల్ని ఈ పరిశోధన నుంచి తీసెయ్యాల్సి ఉంటుంది."

"తీసెయ్యండి! గోళీలు మీవి, కాళ్లు నావి."

"అమ్మా!" అంది అమ్మ.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "తీసేస్తే ఇక్కడ నడక నేర్పడం ఆగిపోతుంది. డాక్టరమ్మ సరేనన్నదీ లేదు. అంటే దుకాణం తాళం ఇచ్చేస్తావన్నమాట."

అమ్మమ్మ నోరు తెరిచి మళ్లీ మూసేసింది. ఆవిడ మాట మధ్యలో మింగడం నేను చూసింది అదే మొదలు. అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు గుమ్మంలోంచి ఎవరో లేచారు. బస్సు డ్రైవరు. ఒళ్లు భారీగా, మాట నిదానంగా ఉంటుంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆయన గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఎవరు పిలిచినా లేచేవాడు కాదు.

"సార్, ఒక మాట. నన్ను కొట్టినా నడవనన్నానా లేదా? మీ అబ్బాయే చెప్పాలి." వ్యాయామం చేయించే అబ్బాయి తలూపాడు. "ఎందుకు నడవలేదంటే, మీరు నడవమన్న నడక నాది కాదు సార్. ఎవరి కాళ్లో తగిలించుకున్నట్టుండేది. సిగ్గేసేది. ఒకరోజు ఈ టైలరక్క వచ్చి, 'నువ్వు నా కిటికీ ముందు బస్సు దిగి టీకొట్టుకు పోయేవాడివి కదా, నీ నడక నా దగ్గర ఉంది, కావాలా?' అంది."

"కావాలని అన్నావా?" అని అడిగారు ప్రొఫెసరు గారు.

"పొమ్మన్నాను సార్. పోలేదు. వరండాలో నా ముందు నడిచింది. కుడికాలు బ్రేకు మీద వేసినట్టు నొక్కి, ఎడమకాలు తీరిగ్గా తెచ్చి పక్కన పెట్టి... నాకు నేనే ఎదురొచ్చినట్టయింది. నవ్వొచ్చేసింది. 'అక్కా, బ్రేకు అంత గట్టిగా నొక్కితే ప్యాసింజర్లు పడిపోతారు,' అన్నాను. 'అయితే లేచి నువ్వే నొక్కి చూపించు,' అంది. లేచాను సార్."

పోస్ట్‌మాన్ కూడా గుమ్మంలోనే ఉన్నాడు. వేసవిలో సంచితో సహా రోడ్డు మీద పడిపోయాడట. "నాకైతే అక్క భుజం ఎలా జార్చాలో కూడా నేర్పింది," అన్నాడు. "సంచి లేకుండా నడవడం నాకు చేతకాదు సార్. ఇప్పుడు లేని సంచి మోసుకునే నడుస్తున్నా."

అందరూ టీచరమ్మ కూతురి వంక చూశారు. ఆవిడ మాత్రం ఇంకా బింకంగానే ఉంది. "వాళ్ల సంగతి వేరు. మా అమ్మ ఒక్కడుగు కూడా..."

"సైలెన్స్!"

గది మొత్తం ఉలిక్కిపడి నోరు మూసుకుంది. ప్రొఫెసరు గారు కూడా. టీచరమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. వ్యాయామం అబ్బాయి పక్కకు పరిగెత్తాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని, మెడ నిటారుగా పెట్టి, వెనకబెంచీలో ఎవడో మాట్లాడుతున్నాడన్నట్టు ఒక వైపుకు చూస్తూ, మడమ టక్కుమనిపించి ఒక అడుగు వేసింది. రెండో కాలు ఆలస్యంగా వచ్చింది. అయినా వచ్చింది. కూతురి ముందు ఆగి, ఆవిడ చెంప మీద చెయ్యి వేసి, ఈసారి మెల్లిగా, "సైలెన్స్," అంది. ఆ కూతురు ఏడవబోయి, తల్లి కళ్లెర్రజేయడంతో గబుక్కున ముక్కు తుడుచుకుంది.

గోళీల డాక్టరమ్మ తెర దగ్గరికి పరిగెత్తి పాత వారాలన్నీ తిరగేసింది. "ఇది డ్రైవరు. ఇది పోస్ట్‌మాను. ఇది టీచరమ్మ! మీరు వీళ్లందరి నడకా సాధన చేశాక, అలాగే నా గదిలోకి వచ్చి నడిచారా?"

"వరండాలో నేర్పినవాటిని ఇక్కడ సరిచూసుకున్నాను. మీ గదిలో నేల నున్నగా ఉంటుంది," అంది అమ్మమ్మ, తప్పేమిటన్నట్టు.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "చూసి చేయడం వల్ల కాళ్లు కదులుతాయన్నది కొత్త సంగతేం కాదండీ. దాని మీద వేరే పరిశోధనలే ఉన్నాయి. అడిగి ఉంటే నేనే చేయించేదాన్ని. చెప్పకుండా చేస్తే ఎవరు దేనివల్ల బాగుపడ్డారో నేనేమని రాయను? సరే, అది నా ఏడుపు. మీ ఏడుపు వేరే ఉంది. ఇలా రండి."

తెర మీద అగ్గిపుల్లల మనిషి మోకాలిని వేలితో చూపించింది. అడుగు వేసినప్పుడల్లా ఎడమ మోకాలు వెనక్కి విరుచుకుపోతోంది.

"వీళ్లందరి కోసం నడుస్తూ మీ మోకాలిని మీరు పట్టించుకోలేదు. డ్రైవరు గారి బరువు మీరు మోస్తున్నారు, పోస్ట్‌మాన్ గారి ఒరుగు మీరు ఒరుగుతున్నారు. ఆ మోకాలితో మెట్లు దిగితే మొదటి మెట్టు మీదే పడతారు. నేను సరేనని చెప్పలేను. మీ నడక మీరు నడవండి. అదొక్కటి చూపించండి, మిమ్మల్ని తీసెయ్యకుండా నేను ప్రొఫెసరు గారితో పోట్లాడతాను."

ప్రొఫెసరు గారు ఎందుకైనా మంచిదని ఒక అడుగు వెనక్కి వేశారు.

అమ్మమ్మ కుర్చీలో ముందుకు వంగింది. తన కాళ్ల వంక చూసుకుంది.

"నాది నాకెలా తెలుస్తుందమ్మాయ్?" అంది చివరికి. "కిటికీ లోపల కూర్చున్నది నేనే కదా."

ఊరందరి నడకా దాచిపెట్టిన మనిషి దగ్గర తన నడక లేదు. మామయ్య గొంతు కూడా సవరించుకోలేదు.

అప్పుడు పోస్ట్‌మాన్ గోడ పట్టుకుని లేచాడు. "ఇంతేనా అక్కా! ఉత్తరం ఇవ్వడానికి నేను పైనుంచి పిలిస్తే నువ్వు మెట్లెక్కి వచ్చేదానివి. ఇదిగో, ఇలా!" అని రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, గింగిరాలు తిరుగుతూ నడిచాడు.

"నేనా? అలా ఎప్పుడు నడిచానురా? తాగినవాడిలా ఉన్నావు!"

"వాడికి తెలీదక్కా," అని డ్రైవరు బయలుదేరాడు. ఆయన నడిస్తే గది అదిరింది. "నువ్విలా గుమ్మం దాటేదానివి, దారిలో ఎవరైనా ఉంటే తొక్కేస్తానన్నట్టు."

"అది నీ బస్సు నడక! నన్నెక్కడ చూశావు నువ్వు, అద్దంలోంచా?"

టీచరమ్మ కూడా వ్యాయామం అబ్బాయిని పట్టుకుని, గడ్డం పైకెత్తి, కళ్లు ఉరిమి చూస్తూ ఒక విడత తిరిగొచ్చింది. ఆవిడ వెనకాల మామయ్య. మామయ్య పొట్ట ముందు వెళ్తుంటే వెనకాల మామయ్య వెళ్లాడు. "నేను చిన్నప్పుడు చూసింది ఇదేనమ్మా," అంటాడు. "నువ్వు చిన్నప్పుడు చూసింది తిండి!" అంది అమ్మమ్మ. లేవమంటే లేవని రోగులు, నడవమంటే ఏడ్చే రోగులు, అందరూ గోడలూ కుర్చీలూ మనుషులూ ఏది దొరికితే అది పట్టుకుని, కుంటుతూ, ఈడుస్తూ, ఒకరినొకరు సరిదిద్దుకుంటూ మా అమ్మమ్మలా నడుస్తున్నారు. వ్యాయామం చేయించే అబ్బాయి ఎవర్ని పట్టుకోవాలో తెలియక నలుగురి మధ్య గిరగిరా తిరుగుతున్నాడు. నేను కూడా ఒక విడత నడిచాను. "నువ్వు కూర్చో కోతీ, నీది మరీ అన్యాయం," అంది.

అప్పుడు లేచింది మా అమ్మ. జన్మలో ఎవర్నీ అనుకరించని మనిషి. ఎవరైనా చూస్తారేమోనని సొంత నడక కూడా మొహమాటంగా నడిచే మనిషి. చెప్పులు విడిచి పక్కన పెట్టింది. నడుం కొంచెం ముందుకు వంచి, తల మాత్రం పైకెత్తి, చిన్నచిన్న అడుగులు దడదడా వేస్తూ, వెనక ఎవరో బట్టల మూట మోసుకొస్తుంటే "నడవవే, నడవవే" అంటున్నట్టు మధ్యమధ్య భుజం మీంచి వెనక్కి చూస్తూ గది చివరిదాకా వెళ్లి, గిరుక్కున తిరిగింది. చిన్నప్పుడు బట్టల మూట మోసుకుంటూ రోజూ అమ్మమ్మ వెనకాల నడిచింది అమ్మే.

నడుస్తున్నవాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. తెర మీద కాదు, కళ్ల ముందే అమ్మమ్మ నడిచి వెళ్లింది.

అమ్మమ్మ ముఖం ఎర్రబడింది. "తిరిగేటప్పుడు అలా తిరుగుతానటే నేను? బొంగరంలాగా? ముందు తల తిరగాలి, తర్వాత కదా ఒళ్లు తిరగాలి! తప్పుకోండి అందరూ. ఒక్కరికి చేతనైతే ఒట్టు!"

లేచింది. కుర్చీ వెనక్కి పోయింది.

"ఆగండి, ఆగండి! గోళీలు!" అని గోళీల డాక్టరమ్మ డబ్బా పట్టుకుని ఉరికి, తలకూ భుజాలకూ నాలుగు అంటించింది.

"అంటించుకో. నేను ఆగేది లేదు."

అంత చదువుకున్న మనిషి, నేల మీద మోకాళ్లతో పాకుతూ, నడిచే మనిషి కాళ్లకు గోళీలు అంటించడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. ఒకటి తుంటికి, ఒకటి మోకాలికి, ఒకటి తొందరలో ప్రొఫెసరు గారి బూటుకు. అమ్మమ్మ చిన్నచిన్న అడుగులతో దడదడా పోతోంది. ఎడమకాలు ఆలస్యంగా వస్తోంది, అమ్మమ్మ భుజం మీంచి వెనక్కి తిరిగి దాన్ని "నడవవే!" అని కసురుతోంది. అది దడుచుకుని వస్తోంది. గది చివర ముందు తల తిరిగింది, తర్వాత ఒళ్లు తిరిగింది. మోకాలు వెనక్కి విరుచుకోలేదు.

మేమంతా తెర చుట్టూ మూగాం. ప్రొఫెసరు గారు దెబ్బతిని ఉన్నారు కాబట్టి, జాగ్రత్తగా అడిగారు. "ఇది... ఎవరు?"

"మా అమ్మ," అంది అమ్మ. ఈసారి క్షమాపణలాంటిదేమీ చెప్పలేదు.

"ఈ నడక ఇలాగే సాధన చేస్తే మెట్లు మొదలుపెట్టొచ్చు," అంది గోళీల డాక్టరమ్మ రొప్పుతూ.

"ఇవాళే," అంది అమ్మమ్మ.

"వచ్చే నెల. మెట్ల పక్కన పట్టుకోవడానికి కడ్డీ బిగించాలి."

"కడ్డీ వద్దు. వచ్చే వారం."

"కడ్డీ ఉంటేనే. రెండు వారాల తర్వాత. వీళ్లందరికీ నేర్పేటప్పుడు నేను కూడా పక్కన ఉండాలి, రాసుకోవాలి."

"రాసుకో. అడ్డం మాత్రం రాకు."

మామయ్య తాళం కోసం చెయ్యి చాచబోయి, ఇక ఆ అవసరం లేదని గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కడ్డీ నేను బిగిస్తాలే," అన్నాడు.

అమ్మమ్మ అవేవీ వినడం లేదు. తెర ముందుకు కుర్చీ లాగించుకుని కూర్చుంది. అగ్గిపుల్లల మనిషి తల పైకెత్తి, ఎవర్నీ లెక్కచేయకుండా, చిన్నచిన్న అడుగులతో పోతోంది. అమ్మమ్మ కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"ఎవరే ఈవిడ?" అంది నాతో. "ఇంత పొగరేమిటి?"

"నువ్వేనే అమ్మమ్మా."

"అలాగా." ఇంకాసేపు చూసింది. "ఫరవాలేదు. మనిషి బాగానే ఉంది. ఇంకోసారి నడిపించమను."